వెలగని ఎర్ర లైటు

ఆగమ్మ వదినకు,

నీ కొడుకు సాగర్‌ను ఆటో ఛార్జింగ్ పెట్టనివ్వకు. పొద్దున ఫోన్ చేసింది అది చెప్పడానికే. నీ గొంతు విని పెట్టేశాను.

రాజన్న ఆటో బ్యాటరీలో ఒక సెల్ చెడి ఎర్ర లైటు వెలిగేది. “కిరాయిలు పోతున్నయి తమ్మీ, ఆ లైటు బంద్ చెయ్” అన్నాడు. నేను సెల్ మార్చలేదు. దాని వోల్టేజీ కొలిచే తీగలను విడిగా ఒక మంచి సెల్‌కు తగిలించాను. లైటు ఆరింది. సాగర్ ఆటోకూ అట్లాగే చేశాను.

ఆటోతో పాటు అన్న కాలిపోయిన రోజు, జహనుమా నుంచి నాకు ఫోన్ చేశాడు.

“సీటు కింద వేడిగున్నది. లైటైతే లేదు. పోవాల్నా?”

“లైటు లేకుంటే ఫికర్ లేదన్నా, పో” అన్నాను.

అందరూ రాత్రి పెట్టిన ఛార్జర్‌దే తప్పంటే నేనూ తలూపాను.

ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా, ఎత్తగానే “పోకన్నా” అంటున్నాను.