దయ్యం అంటే ఎవరన్నా

వరంగల్, కొత్తవాడ
ఆగస్టు 1978

ప్రేమగల వీరన్నకు, నీ చెల్లె శకుంతల దండాలు పెట్టి రాసేది.

ఒంట్లో ఓపిక లేదన్నా. మగ్గం ముందు కూచుంటే కండ్లు తిరుగుతున్నాయి. మీ బావ మొదటి భార్య, పోయిన చిలుకమ్మ, మా అత్త మొగిలమ్మకు సొంత మేనకోడలు కదా. ఆమె పేరిట నా మెడలో వేసిన సవతి బిళ్ల నూలుకు చిక్కుకుంటోందని తీసి గూట్లో పెట్టాను. అంతే, చిలుకమ్మ దయ్యమై నన్ను పట్టిందని అత్త తేల్చేసింది. అమావాస్యకు మంత్రగాడు వస్తాడట, వేపబరిగెలతో కొడతాడట. మీ బావకు చెప్పుకుంటే "జర ఓర్చుకో, పోతది" అన్నాడు, తలెత్తి చూడనైనా లేదు. అక్కడే నా ప్రాణం ఉసూరుమన్నది. నువ్వు పిల్లలకు తెలుగు చెప్పే పంతులువి. దయ్యం అంటే అసలు ఏమిటో, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో రాయి. అడ్డం చెప్పడానికి ఒక్క జవాబైనా నా దగ్గర ఉండాలి.

నీ చెల్లె
శకుంతల

కేసముద్రం

చిరంజీవి శకుంతలకు అన్న ఆశీస్సులు.

దయ్యం దైవం నుంచి పుట్టిన మాటే తల్లీ. వెనకటి వాళ్లు దేవుణ్ణి కూడా దయ్యమనే రాశారు. రానురాను భయం ముదిరి అర్థం దిగజారింది. ప్రేతం అంటే వెళ్లిపోయినవాళ్లు, భూతం అంటే అయిపోయినది. వీటిలో ఏ మాటలోనూ నిన్ను కొట్టమని లేదు. మీ అత్తకు చదివి చెప్పు. వినకపోతే బట్టలు సర్దుకో, ఆదివారం వచ్చి తీసుకుపోతా.

వీరభద్రం

వరంగల్
సెప్టెంబర్ 1978

అన్నా,

చదివి చెప్పాను, అత్త వినలేదు. మంత్రగాడు రానే వచ్చాడు. పట్టింది ఎవరో పేరు చెప్పేదాకా కొట్టడం వాళ్ల పద్ధతి. కాసేపటికే నాకు విసుగొచ్చింది, పడుకోనిస్తే చాలనిపించింది. "చిలుకమ్మను" అన్నాను.

అత్త నా కాళ్ల మీద పడింది. "కడుపునొప్పి తగ్గిందా బిడ్డా? దవాఖానకు తీస్కపొమ్మని ఎంత మొత్తుకున్నవు! నేనే ఇనకపోతి" అని ఏడ్చింది. "ఇగ పోవే" అంటూ మంత్రగాడు బరిగె ఎత్తితే గుంజుకుని విరిచేసింది. "నా బిడ్డను మల్ల పొమ్మంటవా? నువ్వే నడువ్" అని వాణ్ణి వెళ్లగొట్టింది. తెల్లారి తనే నన్ను దవాఖానకు తీసుకుపోయింది. రక్తం లేదన్నారు, మందులిచ్చారు.

నన్ను ఎవరూ పట్టలేదన్నా. నీకు చెప్పగలను, ఆమెకు చెప్పలేను. పాలు కాచి తెచ్చి, దండం పెట్టి, "చిలుకా, తాగు బిడ్డా" అంటుంది. తాగుతున్నాను. మీ బావ కూడా ఇప్పుడు నా మొహం చూసి మాట్లాడుతున్నాడు. ఎవరనుకుని మాట్లాడుతున్నాడో అడగలేదు.

నన్ను తీసుకుపోవద్దు. ఊరికే ఒక్కసారి వచ్చి, వాకిట్లో నిలబడి, నన్ను పేరు పెట్టి పిలిచి పో.

శకుంతల