వెనిస్ రైల్లో పక్క సీటు

అమ్మాయి మృదులా, ఇది చదివేనాటికి నీ మెడనొప్పి తగ్గిందా? అల్లుడు అభిజిత్‌గారికి ఆస్పత్రిలో డ్యూటీల మధ్య కాస్త నిద్ర దొరుకుతోందా? మనవరాలు సాహిత్య దగ్గు పోయిందా? అడిగితే "ఐ యామ్ గ్రాండ్, అమ్మమ్మా" అంటుంది, బాగానే ఉన్నానని ఇక్కడి మాట. నమ్మకుండా డాక్టరుకు చూపించండి. మీ నాన్నగారి షుగరు సంగతి నేను అడగను.

డబ్లిన్‌ పక్కన బ్లాంచర్డ్స్‌టౌన్‌లో కూతురింట ఉంటున్న భానుమతి అనే నేను, నాలుగో తరగతి వరకే చదివినా, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తాలతో రాసిన వీలునామా ఇది. పొయ్యి కట్టేశానా అని పదే పదే చూసుకుంటాను గానీ, అది మతి తప్పడం కాదు. అమలు జరిపే బాధ్యత మృదులది.

1. నా భర్త పేరు కృష్ణ మూర్తి. యాభై ఏళ్ళ కాపురంలో ఈ పేరు నోటితో పలకలేదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు పలకరు. ఇప్పుడు రాస్తున్నాను, అందరూ చదవాలి. పెళ్ళిరోజుకని మృదుల మమ్మల్ని పారిస్, మిలాన్, వెనిస్ రైళ్ళలో తిప్పించింది. వెనిస్ వెళ్ళే రైల్లో నా సంచిలో గోంగూర సీసా మూత ఊడి, నూనె సీటు కిందికి కారింది. జనం ముక్కులు మూసుకున్నారు. ఆయన లేచి, ముందు వరసలో కిటికీ పక్కకు మారిపోయాడు. టిక్కెట్లు చూసే మనిషి వచ్చి "హస్బెండ్ నేమ్?" అన్నాడు. పేరు నోట్లోంచి రాలేదు. వేలెత్తి చూపించాను. రెండు టిక్కెట్లూ తన దగ్గరే ఉన్నా, కృష్ణ మూర్తి తనది ఒక్కటే చూపించి, "ఐ యామ్ అలోన్" అన్నాడు.

2. అప్పుడు వెనక సీట్లోంచి ఒక పిల్ల లేచింది. పేరు ఖైరున్నీసా, కర్నూలు అమ్మాయి, డబ్లిన్‌లో చదువుకుంటోంది. "ఈవిడ మా అమ్మ, ఆ సీసా నాది" అని ఇంగ్లీషులో చెప్పి, నా టిక్కెట్టు డబ్బు తనే కట్టి, తన చున్నీతో నూనె తుడిచింది. తర్వాత నా చెవిలో "అడుగున ఏమైనా మిగిలిందా ఆంటీ?" అంది. మా అమ్మ నాకు పెట్టిన బంగారు గాజులు ఖైరున్నీసాకు చెందాలి. వద్దంటుంది, వినకండి.

3. ఆ గాజులు తన చెల్లెలు జానకమ్మకు ఇస్తానని కృష్ణ మూర్తి నన్నడగకుండా మాటిచ్చాడు. ఆ జానకమ్మ ఫోనులో "అంత దూరం పోయి పచ్చడేంటి వదినా, మా అన్నయ్య పరువు తీశావు" అంది. ఆమెకు ఆ ఖాళీ సీసా, మూతతో సహా.

4. భర్తకు ఆస్తిలో మూడో వంతు ఇక్కడి చట్టం ప్రకారం తప్పదని సొలిసిటర్ అన్నాడు. తప్పకపోతే నా పాత చీరల్లో ఇవ్వండి. పారిస్ ఫోటోలు కూడా ఆయనకే. అన్నిట్లో ఆయనొక్కడే ఉన్నాడు, నేను పక్కన సంచులకు కాపలా.

5. నా అస్థికలు కృష్ణ మూర్తి ముట్టుకోకూడదు. నా పక్కన కూర్చోవడం ఆయనకు నామోషీ. విమానంలో ఇండియాకు అల్లుడుగారే తీసుకెళ్ళాలి. బెల్టు సరిగ్గా పెట్టుకోమనండి.

6. సాహిత్యకు నా ఉన్ని శాలువా. ప్రెస్‌లో, అదే మీరు బట్టలు పెట్టే బీరువాలో, పై అరలో ఉంది. స్టూలెక్కి తీయొద్దు మృదులా, పడతావు.

7. ఖైరున్నీసాను భోజనానికి పిలిచాను. తలుపు కృష్ణ మూర్తే తీయాలి. ఆ పిల్ల ఎదుట నన్ను చూపించి "ఈవిడ నా భార్య" అంటే అయిదో షరతు కొట్టేయిస్తాను. నీళ్ళు నమిలితే అలాగే ఉంటుంది. గాజులు ఎటు తిరిగీ ఆమెవే. ఆమె వచ్చే రోజు అక్టోబరు 19, ఆదివారం.

తేదీ: 6 అక్టోబరు 2025
(సంతకం) భానుమతి
సాక్షులు: కృపాదానం, సుదేష్ణ