విరిగిన కాలు ఎవరిది?

హెడ్డాఫీసు గుమస్తాగారికి, మన బట్టల షాపు పిల్లల సెక్షన్‌ సేల్స్‌గర్ల్‌ నమస్కరించి రాసుకునేది.

సోమవారం పొద్దున అద్దాల కిటికీలో నిలబెట్టే ఆడబొమ్మను ఎత్తుకుని వస్తుంటే, చిరిగిన తివాచీ అంచు తట్టుకుని ఇద్దరం బోర్లాపడ్డాం. కుడికాలు విరిగింది. కట్టు కట్టించాను. మేనేజరుగారేమో, "పైనుంచి కాగితం రానిదే నేనేం చెయ్యలేనమ్మా, నిలబడాల్సిందే" అంటున్నారు. తమరే దయ తలచాలి.

ఇట్లు,
విధేయురాలు

తా.క.: బొమ్మకు వేసిన గౌనుకు ఏమీ కాలేదు. మేనేజరుగారు ముందు అదే చూశారు.

*

మేడమ్ గారికి,

మీ ఉత్తరంలో 'బొమ్మ' అన్న మాట ఉన్నందువల్ల అది మా బొమ్మల విభాగానికి చేరింది. కొత్త కుడికాలు పార్సిల్లో పంపుతున్నాం. పాతది ఊడదీసి తిప్పి పంపగలరు.

భవదీయుడు,
గుమస్తా

తా.క.: ఊడి రాకపోతే కాస్త నూనె వేసి తిప్పండి.

*

గుమస్తాగారికి,

కాలు అందింది. అయ్యా, విరిగింది నా కాలు! బొమ్మ నిక్షేపంగా కిటికీలో నిలబడి ఉంది. ఒంటికాలిమీద పొద్దస్తమానం నిలబడుతున్నది నేను. తివాచీ ఇంకా అలాగే ఉంది. నిన్న ఒక పెద్దాయన తూలితే నేను పట్టుకున్నాను. మా ఇద్దరినీ కలిపి ఇంకొకరు పట్టుకున్నారు.

ఇట్లు,
నొప్పితో, మీ సేల్స్‌గర్ల్‌

తా.క.: నూనె సంగతి మా ఆయనకు చదివి వినిపించాను. నేను పడ్డప్పటినుంచి ఆయన నవ్వింది ఇవాళే.

*

మేడమ్ గారికి,

షాపు సామానును ఉద్యోగులు 'నాది' అనకూడదు. కాలు కంపెనీదే. అయినా బొమ్మమీద మీకున్న మమకారం చూసి మనసాగక, పై అధికారిని బతిమాలి ఉత్తర్వు వేయించాను: "కాలు విరిగినదాన్ని ఆరు వారాలు నిలబెట్టరాదు. కుర్చీలో కూర్చోబెట్టవలెను. తివాచీ వెంటనే తీసివేయవలెను." నకలు మేనేజరుకు పంపాం.

భవదీయుడు,
గుమస్తా

తా.క.: దుమ్ము పట్టకుండా రోజూ తడిగుడ్డతో తుడవండి.

*

గుమస్తాగారికి,

ఉత్తర్వు అందింది. మేనేజరుగారు రెండుసార్లు చదివి, నావైపు చూసి, "కాలు విరిగినదంటే నువ్వే కదమ్మా!" అంటూ తన గదిలోని కుర్చీ స్వయంగా మోసుకొచ్చి వేశారు. తుడవడం మాత్రం వద్దన్నాను. తివాచీ కూడా తీసేశారు. పదకొండేళ్ళ ఉద్యోగంలో నేను ఈ షాపులో కూర్చోవడం ఇదే మొదటిసారి. కూర్చోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీ మేలు మరచిపోను.

ఇట్లు,
కూర్చుని రాస్తున్న మీ సేల్స్‌గర్ల్‌

తా.క.: మీకు పుణ్యముంటుంది, ఈ ఆరు వారాలూ నా సంగతి అర్థం చేసుకోకండి.