నాన్న నింపిన నీళ్లు

ఖుర్సీపార్,
ఆదివారం.

అమ్మకు, సౌమ్య నమస్కారాలు. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. విజయనగరంలో పిన్ని కాలికట్టు విప్పారని రాశావు. సంతోషించాలి. ఏమిటో, ఈమధ్య నాకు సంతోషం కూడా సరిగా తెలియడం లేదు. ఫోన్‌లో మాట్లాడదామంటే నాన్న పక్కనే కూర్చుంటాడు, అందుకే ఈ ఉత్తరం.

“మోటారు లేకుండా నీళ్లెలాగ తిరుగుతాయే?” అని అడిగావు కదా. ఉమేష్ భయ్యా వర్క్‌షాపులో నేను చేసింది, క్రేను క్యాబిన్‌లోని ఎలక్ట్రానిక్ కంట్రోల్ కార్డును చల్లబరిచే రాగి గొట్టం. కొలిమి దుమ్ముకి అక్కడ ఫ్యాన్లు నిలవవు. గొట్టంలో ఒకచోట సన్నని రంధ్రాల లోహపు ముక్క ఉంటుంది. దీపం వత్తి నూనెను పీల్చినట్టు అది నీటిని పీలుస్తుంది. కార్డు వేడికి ఆ నీరు ఆవిరై అవతలి కొసకు పోయి, చల్లారి మళ్లీ నీరవుతుంది. ఆ పీల్చే బలంతోనే వెనక్కి వస్తుంది. లోపల గాలి మాత్రం చేరకూడదు. గాలంతా లాగేసి, ఆవిరికి చోటుండేలా కొంచెమే నీరు పోసి మూసేస్తాం. అదీ ఆ ముక్కలోకే ఇంకిపోతుంది.

విశ్వకర్మ పూజనాడు నాన్నను పట్టలేం, నీకు తెలుసు. రిటైరైనా అదే హడావుడి. నేను ప్రసాదం పనిలో ఉంటే, తను వర్క్‌షాపులో యంత్రాలన్నీ తుడిచి, నూనెలు పెట్టి, పసుపు కుంకుమలు అద్దాడు.

మర్నాడు కొనేవాళ్ల ఎదుట గొట్టాన్ని నడిపించాం. కాసేపటికే కార్డు కాలిపోయింది. విప్పి చూస్తే గొట్టం నిండా నీళ్లు. మూత మీద పసుపు వేలిముద్ర. దాన్ని చీరకొంగుతో తుడిచేశాను.

“యే కిస్‌నే ఖోలా?” అన్నాడు ఉమేష్ భయ్యా.

“నేనే తెరిచాను భయ్యా,” అన్నాను.

“కల్ సే మత్ ఆనా.”

ఉద్యోగం పోయిందమ్మా. ఏడుపు కూడా రాలేదు. నిజం చెబితే నాన్నను ఆ గుమ్మం తొక్కనివ్వరు. ఆ వర్క్‌షాపు తప్ప నాన్నకు వెళ్లడానికి ఇంకేముంది? నువ్వూ చెప్పకు.

నిన్న అన్నం తింటూ నన్ను తిట్టాడు. “పూజపూట దాన్ని ఎండగట్టీసేవేటే? మూత ఇప్పితే సుక్క నీరు కనబడనేదు. నేను నింపేను గాబట్టి ఆ మాత్రమైనా నడిసింది. నీ పరువు పోద్దని ఉమేష్‌కి సెప్పనేదు.”

“మంచిపని చేశావు నాన్నా,” అన్నాను.

ఇట్లు,
నీ కూతురు,
సౌమ్య