శశికళ ఫోనుకొచ్చిన మన ఓటీపీ

మా అమ్మను కంటి డాక్టరుకు చూపించేదానికి చింతామణికి పోతాండాను. చారు చల్లారి ఉంటుంది, వేడి చేసుకొని తినండి. సాయంత్రం పాలు డెయిరీకి మీరే పోయాల.

సోలార్ సబ్సిడీ అర్జీకి కరెంటు బిల్లు, పాసుబుక్కు జెరాక్సులు బీరువా మీద కవర్లో పెట్టినాను. మళ్లీ మొదటి నుంచి నింపండి. పొద్దున "ఓటీపీ రాలేదు, సర్వర్ పనిచేస్తాలేదు" అని విసుక్కొని తోటకు పోయినారు కదా, సర్వర్ బాగానే ఉండాది. మీరట్ల పోతానే ఎదురింటి శశికళ గేటు కాడికొచ్చింది. "వీణా, మీ ఓటీపీ నా ఫోనుకొచ్చిండాదే! చెప్పమంటావా?" అని ఒకటే నవ్వు.

పోయిన నెల ఆయమ్మ అర్జీ మీరే నింపిచ్చినారు, సరే. ఆయమ్మ మిద్దెక్కి టేపు పట్టుకొని కొలిచిచ్చినారు, అదీ సరే. మన అర్జీలో కూడా ఆయమ్మ నంబరే వేస్తారా? ఇప్పుడు ఆయమ్మ మిద్దె మీద ప్యానెళ్లు తళతళా మెరుస్తాండాయి. మన మిద్దె మీద నేను ఎండేసిన మిరపకాయలుండాయి.

కోపం దానికి కాదు. పెండ్లయి తొమ్మిదేండ్లాయె, నా నంబరు ఎవరన్నా అడిగితే ఇంకా ఫోను తీసి "వీణ" అని వెతుకుతారు. ఆయమ్మది మాత్రం చూడకుండానే కొట్టేసినారే!

వీణ

నా నంబరు ఈ చీటీ వెనక రాసినాను. అర్జీలో వేసినాక పారేయద్దండి. నేనొచ్చినాక బడి పిల్లోళ్ల మాదిరి చూడకుండా అప్పజెప్పాల. ఒక్క అంకె తప్పినా, రేపటి నుంచి కాఫీ ఎదురింట్లోనే తాగండి.