చెరువు గట్టున నాన్న పేరు

ఎల్స్‌వర్త్, మెయిన్ రాష్ట్రం
జూన్ 9

ఆల్డెన్ అన్నయ్యా,

నేను కులాసా. అడవుల్ని ఉన్నవున్నట్టు కాపాడే మా ట్రస్టుకి నాన్న రాసిచ్చిన చెరువు గట్టు అడవిని ఏటా చూసినట్టే నిన్న సభ్యులతో తిరిగి చూశాను. చలికాలం గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టేందుకు పెట్టి, మంచు కరగకముందు నువ్వు ఒడ్డుకి లాగిన చెక్క గుడిసె ఇంకా గట్టునే ఉంది. తలుపు మీద, రూలు ప్రకారం యజమాని పేరు రాసే చోట, ఇంకా నాన్న పేరే!

"ఇక్కడేం కట్టొద్దని సంతకం పెట్టింది ఈయనే కదే జోడీ?" అని మాతో వచ్చిన మార్నీ పిన్ని ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది. తనిఖీ కాగితంలో రాసేశాను, పరాయివాళ్లదైనా రాసేదాన్నేగా.

మీ ఇంటికొస్తే నువ్వు చేపలు పట్టడానికెళ్లావు. వదిన ముందు అనలేక ఈ కార్డు. నెలాఖరులోగా గుడిసెని ట్రాక్టరుతో ఇంటికి లాక్కుపో. లోపల నా ఉన్ని టోపీ ఉంటే దాచు. పిల్లలకి ముద్దులు.

ఆ గట్టున నాన్న పేరు అడవినిచ్చిన దాతగా మా ట్రస్టు బోర్డు మీద ఉంది. అక్కడుంటే చాలు.

నీ చెల్లెలు
జోడీ