మన బడి ఈ దీవిలోనే ఎందుకుందంటే

పూజ్యులైన బిషప్ గారికి,

మన హైస్కూలు వజ్రోత్సవంలో చదివేముందు సరిచూడమని మీరు పంపిన ప్రసంగం రాజధాని హొనియారా నుంచి వచ్చే ఓడలో అందింది. "ఫాదర్ లిడ్‌గేట్ ప్రార్థించి మన బడికి ఈ దీవిని ఎంచుకున్నారు" అన్న వాక్యం నేను చదివి వినిపించగానే, ఆయన్ని పడవలో తెచ్చినవాడి కూతురు నెస్తా అవ్వ నోట్లోని వక్క రాలిపడేలా నవ్వింది.

"ఎంచుకోవడమేంటి మాస్టారూ? పక్క దీవిలో బడి కట్టాలనే బయల్దేరాడు. దారంతా వాంతులే. ఇక్కడ దిగి, మళ్ళీ పడవెక్కనని ఇసకలో కూలబడ్డాడు. మా నాన్న లాగినా లేవలేదు."

ఉత్సవానికి పక్క దీవివాళ్ళూ వస్తున్నారు. ఆ వాక్యానికి అవ్వ మళ్ళీ నవ్వి ఇదంతా బయటపెడితే, వాళ్ళు బడి తమదేనంటారని హెడ్మాస్టరు గారు బెదిరిపోయి, దాన్ని కొట్టేయమన్నారు. అవ్వే అడ్డుపడింది.

"ప్రార్థన మాత్రం నిజం. 'ప్రభువా, ఏ నేలైనా సరే' అని పడవలో ఒకటే ఏడుపట."

కనుక వాక్యం ఉంచాము. అది చదివేటప్పుడు మాత్రం దయచేసి అవ్వ వైపు చూడకండి.

విధేయుడు,
చరిత్ర మాస్టారు